పలకల ఆట మీద పడ్డ నింద

ఆ ఆటను నేను మొదటినుంచీ పూర్తిగా నమ్మలేదు. కంప్యూటర్ తెర మీద తాబేలు ఆకారంలో చిన్న గుట్టలా పేర్చిన పలకలు. వాటి మీద వెదురు కర్రలు, వలయాలు, చైనా అక్షరాలు, పూలు. ఒకే బొమ్మ ఉన్న రెండు పలకలు వెతికి మౌస్‌తో నొక్కితే రెండూ మాయమవుతాయి. నొక్కే పలక మీద ఇంకో పలక ఉండకూడదు. దానికి ఎడమ పక్కో కుడి పక్కో ఖాళీ ఉండాలి. అంతకుమించి నియమాలు లేవు. గుట్ట మొత్తం కరిగితే గెలిచినట్టు.

చాలాసార్లు కరిగేది కాదు. చివరికి ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్న రెండు పలకలు మిగిలేవి. రెండింటి మీదా ఒకే బొమ్మ. పైది తీస్తే తప్ప కిందిది రాదు. కిందిది రానిదే పైదానికి జత లేదు. అప్పుడు నాకు ఒకటే అనుమానం వచ్చేది. నేను దారిలో ఎక్కడో తప్పు జత తీశానా, లేక ఎవరూ గెలవలేని గుట్టనే నా ముందు పెట్టారా? తెర ఆ సంగతి చెప్పేది కాదు. ఓడిపోయావని మాత్రం చెప్పేది.

ఆ ఆటను మొదటిసారి చూసింది మెహదీపట్నంలో, కంప్యూటర్ నేర్పే ఒక చిన్న సెంటర్‌లో. అక్కడి తెరల మీద రంగులు లేవు. పలకలన్నీ తెలుపూ నలుపే. వెదురుకీ వలయానికీ తేడా తెలియాలంటే ముక్కు తెరకి ఆనించి చూడాలి. మా ఖాజాగూడ నుంచి వచ్చి బస్సు మారే చోట ఒక శాఖా గ్రంథాలయం ఉండేది. నేను డిగ్రీ దూరవిద్యలో చదివాను. అసలు చదువు మాత్రం ఆ గ్రంథాలయంలోనే జరిగింది. పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వాలు ఒక్కో సంపుటం చదువుకుంటూ వెళ్లేదాన్ని. ఆ పలకల సంగతి కూడా అందులోనే దొరికింది. చైనాలో నలుగురు కూర్చుని ఆడే వేరే ఆట పలకలవి. మేము ఆడేది కంప్యూటర్ కోసం పుట్టిన ఆట. పలకలు మాత్రం అక్కడినుంచి అరువు తెచ్చుకుంది. అంటే అది తనది కాని వేషం వేసుకున్న ఆట. ఈ సంగతి తెలిశాక దాని మీద నా అనుమానం ఇంకాస్త పెరిగింది, ఆడటం మాత్రం తగ్గలేదు.

తొంభైతొమ్మిది వేసవిలో నాకు ఉద్యోగం దొరికింది. మాదాపూర్ వైపు, కొత్తగా కట్టిన గుండ్రటి పెద్ద భవనం కిటికీలోంచి కనబడేంత దూరంలో ఒక మూడంతస్తుల మేడ. చుట్టూ ఇంకా బండరాళ్లూ, సగం తవ్విన పునాదులే. ఏదో విదేశీ విశ్వవిద్యాలయం వాళ్ల గ్రంథాలయ కార్డుల జెరాక్సులు కట్టలు కట్టలుగా మా దగ్గరికి వచ్చేవి. పుస్తకం పేరు, రాసినవాళ్ల పేరు, అచ్చయిన ఏడాది, అన్నీ చూసి కంప్యూటర్‌లోకి కొట్టాలి. ఉద్యోగమని పేరు పెట్టి నన్ను మళ్లీ గ్రంథాలయంలోనే కూర్చోబెట్టారని సంబరపడ్డాను.

కానీ అది ఆరు నెలల పరీక్షా కాలం. దీపావళి నాటికి ఉంచుకోవడమో, పంపేయడమో తేలుస్తారు. మా ఇంట్లో అందరి కళ్లూ ఆ దీపావళి మీదే. ఊరి చుట్టూ మేత బీళ్లన్నీ ప్లాట్లయిపోయి బర్రెలను అమ్మేశాం. పాలమ్మిన ఇల్లు పాలు కొనుక్కుంటోంది. నా ఉద్యోగం తప్ప ఇంకో ఆధారం లేదు.

ఆఫీసులో ఒకరినొకరు ఊరి పేరుతో పిలుచుకునేవాళ్లం. మేనేజరు గుంటూరాయన, మా అందరికీ సార్. ఆయన తర్వాతివాడు కడప సార్. నేను ఖాజాగూడ పిల్లని. నా జత భీమవరం అక్క.

జత అంటే ఏమిటో చెప్పాలి. ప్రతి కార్డునూ ఇద్దరు కొట్టాలి, ఒకరిది ఒకరు చూడకుండా. మెషిన్లను కలిపే తీగలు అప్పటికింకా వెయ్యలేదు. అందుకని సాయంత్రం ఎవరి పని వాళ్లు ఫ్లాపీలోకి ఎక్కించి మేనేజరు గదిలో ఉన్న పెద్ద మెషిన్‌కి ఇవ్వాలి. అక్కడ కడప సార్ రెండు ఫ్లాపీలనూ కలుపుతాడు. ఇద్దరూ ఒకేలా కొట్టిన కార్డులు జాబితాలోంచి మాయమవుతాయి. తేడా వచ్చినవి మాత్రం తెర మీద మిగులుతాయి. అక్కకూ నాకూ మిగిలేవి అందరికంటే తక్కువ.

పలకల ఆటను ఆ ఆఫీసుకి తెచ్చింది నేనే. దొంగతనంగా కాదు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆడుకోవచ్చా అని సార్‌ని అడిగాను. "పని పాడవ్వనంత వరకూ మీ ఇష్టమమ్మా" అన్నాడు. సెంటర్ మాస్టారు ఇచ్చిన ఫ్లాపీలోంచి నా మెషిన్‌లో ఎక్కించాను. వారం తిరక్కుండా ఆ ఫ్లాపీ వరస మొత్తం తిరిగింది. ఈసారి పలకలకు రంగులున్నాయి. గెలిస్తే తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చేది. దాన్ని చూడాలని అందరికీ ఆత్రం.

మా అందరిలో ఇంట్లో కంప్యూటర్ ఉన్నది కడప సార్ ఒక్కడికే. ఖాజాగూడ పిల్ల తెచ్చిన ఆట తనకు తెలియనిదైతే ఎలా? ఆయనా ఇంటినుంచి ఫ్లాపీలు తెచ్చాడు. ఒకదాంట్లో చైనా అక్షరాల బదులు పళ్లున్నాయి. ఇంకోదాంట్లో గుట్ట తాబేలులా ఉండదు, కోట గోడలా ఉంటుంది. మరొకటి అసలు గుట్టే కాదు. పైనుంచి రంగు రాళ్లు రాలుతుంటే మూడు ఒకే రంగువి వరసలోకి తేవాలి. అది కూడా ఈ జాతిదేనని ఆయన వాదన.

"జాతి ఒకటే అయితే నియమం ఒకటుండాలె గద సార్? ఇది తొందర ఆట. మనది నిమ్మళంగ ఆడేది" అన్నాను.

"అబ్బా, లైబ్రరీలో అదీ రాసినారా పాపా?" అన్నాడు కడప సార్. అందరూ నవ్వారు.

"రాసిన్రు" అన్నాను నేను. నిజంగానే రాశారు. గ్రంథాలయానికి వచ్చే ఒక కంప్యూటర్ మాసపత్రికలో చదివాను. కొన్ని రకాల్లో పలకలను ఇష్టం వచ్చినట్టు కలిపి పేరుస్తారట. అలాంటి గుట్టల్లో కొన్ని ఎవరు ఆడినా కరగవు. ఇంకొన్ని రకాల్లో జతలు జతలుగా వెనకనుంచి పేర్చుకుంటూ వస్తారు కాబట్టి కరిగే దారి ఒకటైనా ఉండి తీరుతుంది. సాయం అడిగితే ఒక జతను చూపించే మీట ఉంటుంది కదా, దాన్ని కూడా నమ్మకూడదు. అది తీయగల జతనే చూపిస్తుంది, తీయవలసిన జతను కాదు. ఇదంతా నేను అన్నం డబ్బా ముందు పెట్టుకుని వివరించాను.

"ఇంత అనుమానం పెట్టుకుని ఆట ఎందుకమ్మాయ్ ఆడటం?" అంది భీమవరం అక్క. ఆమె ఆడేది కాదు. నా ఫ్లాపీనీ, కడప సార్ ఫ్లాపీనీ, అసలు ఎవరి ఫ్లాపీనీ తన మెషిన్ దగ్గరికి రానిచ్చేది కాదు. "ఎవరి చేతులు ఎలాంటివో, ఏ రోగం మోసుకొస్తాయో" అనేది. ఆ ఏడాది పేపర్ల నిండా వైరస్ వార్తలే. రాబోయే రెండు వేల సంవత్సరంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఇంకో భయం. అందుకని అక్క మాటను ఎవరూ తప్పు పట్టలేదు.

దసరా సెలవుల తర్వాత వచ్చిన మొదటి సోమవారం సాయంత్రం నా మెషిన్ ఫ్లాపీని చదవలేదు. గర్ గర్ మని చప్పుడు చేసి, చదవలేకపోతున్నానని తెర మీద రాసింది. ఇంకో ఫ్లాపీ పెట్టాను. అదే మాట. మర్నాడు నా పక్కవాళ్లది, ఆ తర్వాత ఎదురు వరస. ఒక మెషిన్‌లో ఆగిన ఫ్లాపీని తీసుకెళ్లి ఇంకో మెషిన్‌లో పెడితే, బాగున్న మెషిన్ కూడా కాసేపటికి అదే పాట. వారం చివరికి మేనేజరు గదిలోని పెద్ద మెషిన్ ఆగింది. విదేశానికి పంపాల్సిన పని పంపడానికి లేకుండా పోయింది.

కడప సార్ అన్ని మెషిన్లనూ వైరస్ పట్టే సాఫ్ట్‌వేర్‌తో వెతికాడు. ఏమీ దొరకలేదు.

"దొరకలేదంటే లేదని కాదు సార్. కొత్తదై ఉంటాది" అని మేనేజరుకి చెప్పాడు, మా అందరి ముందే. "ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి అంటుకుంటా పోతాంది చూడండి. ఫ్లాపీల మీద పోతాంది. ఆ యమ్మ ఆట కూడా ఫ్లాపీల మీదనే వచ్చె."

"మీరు గూడ తెచ్చిన్రు గద సార్ ఫ్లాపీలు?" అన్నాను.

"నావి స్కాన్ చేసి తెచ్చినా. నీది యాడిదో, ఏ సెంటర్‌దో ఎవనికి తెలుసు?" అని, ఆయన వేలు పెట్టి భీమవరం అక్క మెషిన్ చూపించాడు. "అన్నీ పోయినాయి. ఇదొక్కటే బాగుంది. ఎందుకు బాగుంది? దీంట్లో ఆట లేదు."

నిజంగానే ఆఫీసంతటిలో పనిచేస్తున్నది ఆ ఒక్క మెషినే. అందులో ఆట లేదు.

మేనేజరు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "చూద్దాంలేమ్మా. దీపావళికి ఎలాగూ నీ కాగితాలు నా దగ్గరికి వస్తాయి కదా" అన్నాడు. అంటే ఏమిటో నాకు అర్థమైంది. నా మెషిన్ మీద గుడ్డ కప్పి, ముట్టుకోవద్దని కాగితం అంటించారు. అప్పటికే తేడా వచ్చి మిగిలిన కార్డులను చేత్తో రాయడానికి నన్ను అక్క పక్కన కూర్చోబెట్టారు. నీళ్లకోసం లేచినా కడప సార్ తల ఎత్తి చూసేవాడు. భోజనాల దగ్గర మాటలు నేను రాగానే ఆగిపోయేవి. నా పెన్ను కూడా ఎవరూ అడిగి తీసుకునేవారు కాదు.

ఇంట్లో అమ్మ పసిగట్టేసింది. "ఏందే బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్? ఆఫీసుల ఏమన్న అన్నరా?"

"ఏం లేదమ్మా. మెషిన్ కరాబైంది."

"కరాబైతే బాగు జేపిస్తరు. నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్?" అమ్మ ఇంకేదో అడగబోయి ఆగి, "దీపావళికి చెప్తరన్నవ్ గద?" అంది. ఆ మాటే అడగాలనుకుందని నాకు ముందే తెలుసు.

నేనూ ఊరుకోలేదు. ఒక్కొక్కరినీ అనుమానించడం మొదలుపెట్టాను. ముందు కడప సార్‌ని. తన ఫ్లాపీల మీద మాట రాకుండా నన్ను ముందుకు తోశాడేమో. ఆ తర్వాత అక్కని. అందరివీ పోయి ఈమెది ఒక్కటే ఎలా నిలిచింది? ఆమెదీ నాలాగే పరీక్షా కాలమే. ఇద్దరిలో ఒకరినే ఉంచుకుంటారని ముందే తెలిసిందేమో. పక్కన కూర్చుని ఆమె చేతులవైపే చూసేదాన్ని. ఆమె ఫ్లాపీని పైట చెంగుతో తుడిచి పెట్టడం, తీసి డబ్బాలో దాచి తాళం వెయ్యడం, అన్నీ అనుమానంగానే కనిపించేవి.

ఆదివారం గ్రంథాలయానికి వెళ్లి ఆ మాసపత్రిక పాత సంచికలన్నీ తిరగేశాను. వైరస్ గురించి ఉన్నదంతా చదివాను. మా మెషిన్లు చేస్తున్న పని ఒక్కదాంట్లోనూ రాసిలేదు. చివరికి పాఠకుల ప్రశ్నలు వేసే పేజీలో, ఫ్లాపీ డ్రైవ్‌లో చదివే ముక్కకి మురికి పడితే ఏ ఫ్లాపీనీ చదవదనీ, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవమనీ ఉంది. ఇంకో మాట కూడా ఉంది. మురికి డ్రైవ్‌లో పెట్టిన ఫ్లాపీని శుభ్రమైన డ్రైవ్‌లో పెడితే మురికి అక్కడికీ పోతుందట. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. వైరస్ లేకుండానే రోగం అంటుకుంటుంది.

మర్నాడు భోజనాల వేళ అందరూ మేడ మీదికి వెళ్లాక ప్రథమ చికిత్స డబ్బాలోంచి దూదీ, స్పిరిట్ తీసుకున్నాను. దేవుడి పటం దగ్గర పడి ఉన్న అగరుబత్తి పుల్లకి దూది చుట్టాను. నా మెషిన్ మీది గుడ్డ ఎత్తి, ఫ్లాపీ పెట్టే సందులోకి పుల్లను మెల్లగా దూర్చి తిప్పాను. బయటికి తీస్తే దూది ఎర్రగా ఉంది.

తుప్పనుకున్నాను. వాసన చూస్తే తుప్పు వాసన కాదు. గుడి వాసన.

"ఏం చేస్తున్నావమ్మాయ్ అక్కడ?" వెనక భీమవరం అక్క నిలబడి ఉంది. ముట్టుకోవద్దన్న మెషిన్ దగ్గర చేతిలో పుల్లతో దొరికిపోయాను. దూది చూపించాను. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసింది. "కుంకుమ!"

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. దసరాకి ముందురోజు ఆఫీసులో ఆయుధ పూజ చేశారు. కొలిమిలో సుత్తికీ, ఆటోకీ, బస్సుకీ చేసినట్టే మాకు కంప్యూటర్లకి. మేనేజరు పట్టు పంచె కట్టుకుని, బెజవాడ కొండ మీదినుంచి తెప్పించిన అమ్మవారి కుంకుమతో స్వయంగా వరస మొత్తం తిరిగాడు. తెర అద్దం మీద బొట్టు నిలవలేదు, జారిపోయింది. అందుకని ఫ్లాపీ పెట్టే సందు మీద పెట్టాడు. "ఇదమ్మా దీని నోరు. మనం పెట్టే అన్నం తినేది ఇక్కడే" అంటూ చూపుడు వేలి నిండా కుంకుమ తీసి నొక్కాడు. పైన అక్షింతలు చల్లాడు. మేమందరం దండం పెట్టుకున్నాం. సెలవుల తర్వాత మొదటి ఫ్లాపీ దూర్చినప్పుడు ఆ బొట్టంతా లోపలికి పోయి ఉంటుంది. అక్కడినుంచి ఫ్లాపీల మీద ఊరేగింది.

దూదితో ఇంకో రెండుసార్లు తుడిచి కొత్త ఫ్లాపీ పెట్టాను. చప్పుడు లేకుండా చదివింది. నా ఉద్యోగం నిలబడిందనుకున్నాను. వెంటనే కడప సార్ వేలు గుర్తొచ్చింది.

"అక్కా, మరి నీ మెషిన్ ఎందుకు పోలే? దానికీ బొట్టు పెట్టిండు గద సార్?"

ఆమె ముఖం మారిపోయింది. తలుపువైపు చూసి గొంతు తగ్గించింది. "పెట్టలేదు. ఆ రోజు నాకు మైల. మా ఆయన పెదనాన్నగారు పోయి నాలుగు రోజులు కూడా కాలేదు. సెలవు పెడితే పరీక్షా కాలంలో ఏమంటారోనని వచ్చాను. వచ్చి పూజ ముట్టుకోకూడదు కదా. మెషిన్ మీద గుడ్డ కప్పేసి, రిపేరని చెప్పి వరండాలో నిలబడ్డాను. సార్ దాన్ని దాటుకుని వెళ్లిపోయారు."

"అయితే ఆ మాట సార్‌కు చెప్పక్కా. నీ మెషిన్‌ల ఆట లేదు, పూజ గూడ లేదు. నువ్వు చెప్తే అయిపోతది."

"ఏం చెప్పను? మైలతో పూజ జరిగే చోటికి వచ్చాననా? ఆయన సంగతి నీకు తెలీదు. గుమ్మంలో నిమ్మకాయ పక్కకి జరిగితే ఆ రోజు పార్సెల్ పంపరు. నన్ను దీపావళి దాకా కూడా ఉంచరు." పైట సర్దుకుని వెళ్లిపోయింది.

నా ఉద్యోగం అక్క నోట్లో ఉంది. ఆమె ఉద్యోగం కూడా ఆ నోట్లోనే ఉంది. ఇందులో అక్క ఏది కాపాడుకుంటుందో నాకు ఏ అనుమానమూ లేదు.

అయినా సాయంత్రం దూదిని కాగితంలో చుట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లాను. కడప సార్ అక్కడే ఉన్నాడు. అక్కను కూడా పిలిచారు, ఆ రోజు లెక్క చెప్పమని. నేను కుంకుమ అన్న మాట ఎత్తదలుచుకోలేదు.

"సార్, డ్రైవ్‌ల దుమ్ము వడ్డది. వైరస్ కాదు. తుడిస్తే నాది నడుస్తుంది. చూడున్రి."

"ముట్టుకోవద్దంటే ముట్టుకున్నావా?" అన్నాడు కడప సార్. అయినా ఊరుకోలేక వెళ్లి, నా మెషిన్‌లో మూడు ఫ్లాపీలు మార్చి మార్చి పెట్టి చూసి వచ్చాడు. "చదువుతాంది సార్. కానీ దుమ్మైతే ఎర్రగా ఎందుకుంటాది?"

మేనేజరు దూది అందుకున్నాడు. వేళ్ల మధ్య నలిపి, అలవాటుగా కళ్లకద్దుకోబోయి ఆగాడు. "ఇది అమ్మవారి కుంకుమ కదా!"

దూదిని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"అంటే నా పూజవల్ల మెషిన్లు పోయాయంటావా అమ్మా?"

"నేను గట్ల అనలే సార్."

"అనకపోయినా అర్థం అదే" అన్నాడు కడప సార్. "సార్, బొట్టువల్ల పోయేదైతే భీమవరం ఆమెది కూడా పోవల్ల కదా? అన్నింటికీ పెట్టినారు మీరు. దానికేం కాలేదే! పోనిది ఆట లేని మెషిన్ ఒకటే. ఈ పాప దూదికి కుంకుమ ఏ పటం దగ్గర పూసుకొచ్చిందో!"

మేనేజరు ముఖం తేలికపడింది. నిజం అటువైపు ఉంటే ఆయనకు హాయి. నావైపు తిరిగి, "చూడమ్మా" అని మొదలుపెట్టాడు.

"నా మెషిన్‌కి పూజ జరగలేదండి" అంది అక్క.

నేల చూస్తూ మొత్తం చెప్పింది. పెదమామగారు పోవడం, మైల, గుడ్డ, రిపేరన్న అబద్ధం, అన్నీ. "లోపలికి రాలేదండి, వరండాలోనే ఉన్నాను. పదకొండో రోజు స్నానాలయ్యాకే మెషిన్ మీది గుడ్డ తీశాను."

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. ఇద్దర్నీ అక్కడికక్కడే పంపేస్తాడనుకున్నాను. ఆయన కోపంగా లేడు, కంగారుగా ఉన్నాడు. "అయితే ఇన్నాళ్లూ ఆ మెషిన్ పూజ లేకుండా పనిచేస్తోందా? ఎంత అపచారం!" అంటూ సొరుగు లాగి కుంకుమ భరిణె తీసి, మాకంటే ముందు పరుగులాంటి నడకతో అక్క మెషిన్ దగ్గరికి వెళ్లాడు. మూత తీసి వేలి నిండా కుంకుమ తీసుకున్నాడు. వేలు అలవాటు చొప్పున తిన్నగా ఫ్లాపీ సందువైపే పోయింది.

"నోటికాడ వద్దు సార్!" అని ఆఫీసంతా అదిరేలా అరిచింది కడప సారే.

వేలు గాలిలో ఆగింది. మేనేజరు మావైపు చూశాడు, మెషిన్‌వైపు చూశాడు. చివరికి తెర వెనక ప్లాస్టిక్ డొప్ప మీద బొట్టు పెట్టి దండం పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం మేమందరం కూర్చుని అగరుబత్తి పుల్లలకి దూది చుట్టాం. మర్నాటికి మెషిన్లన్నీ చదివాయి. పెద్ద మెషిన్‌ని కడప సార్ ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా తనే తుడిచాడు. ఆ తర్వాత ప్రతి మెషిన్ దగ్గరా కూర్చుని పలకల ఆటను తీసేశాడు. తను తెచ్చిన పళ్ల రకాన్నీ, రాళ్ల రకాన్నీ కూడా. "నింద నిజం కాదు గద సార్, మరి ఆట ఎందుకు తీస్తున్రు?" అని అడిగాను. "నిజం కాదని ఎవరు చెప్పినారు? దుమ్ము వేరే, వైరస్ వేరే. రెండూ ఉండచ్చు" అన్నాడు. ఆ రోజునుంచి నా ఫ్లాపీని సాయంత్రం రెండుసార్లు స్కాన్ చేస్తేగానీ పెద్ద మెషిన్‌లో పెట్టేవాడు కాదు. మిగతావాళ్లవి ఒక్కసారే.

దీపావళికి ముందు మేనేజరు మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచాడు. నన్ను ఉంచుకున్నామన్నాడు. ఆయన మాటలో సంతోషం ఎంత ఉందో, డ్రైవ్‌లు తుడిచే మనిషి ఒకరుంటే మంచిదన్న లెక్క ఎంత ఉందో తెలియలేదు. నా తర్వాత వెళ్లిన అక్క త్వరగానే బయటికి వచ్చింది. పనితీరు ఇంకొంచెం చూడాలన్నారట. మూడు నెలలు పొడిగించారు. మైల మాట ఎత్తనే లేదట. ఎత్తకపోవడమే నాకు అనుమానంగా తోచింది. మా ఇద్దరి జతకీ తేడాలు తక్కువని ఆయనకు తెలుసు. తక్కువైన పనితీరు ఏమిటో ఎవరూ చెప్పలేదు.

ఆమె వచ్చి కుర్చీలో కూర్చుని తన కాగితాలు ముందుకు లాక్కుంది. నేను ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకు చెప్పినవక్కా? చెప్పకపోతే నీ నౌకరి గూడ పక్కా అయిపోతుండె గద ఇయ్యాల."

"నువ్వు పోతే నాకు జతగా ఎవర్ని వేస్తారు? ఆ అనంతపురం కుర్రాణ్ణి. వాడు అక్షరాలు కొట్టడు, విసురుతాడు. వాడితో కలిపితే తేడాలన్నీ నా నెత్తిన పడతాయి. అందుకే చెప్పాను. ఇంకేం లేదు."

ఆ మాట నిజమే కావచ్చు. ఆ కుర్రాడు నిజంగానే అలా కొట్టేవాడు. కానీ ఆ రోజు మేనేజరు గదిలో నేల చూస్తూ మాట్లాడిన మనిషి ఇంత లెక్క వేసుకుని మాట్లాడినట్టు నాకు కనిపించలేదు. ఏది నమ్మాలో తేలక ఆమె ముఖంలోకి అలాగే చూస్తూ కూర్చున్నాను.

ఆమె తల తిప్పలేదు. వేళ్లు అప్పటికే మీటల మీద ఉన్నాయి.

"చూసింది చాల్లే. కార్డు కొట్టు అమ్మాయ్, నేను రెండోదానికి వెళ్లిపోయాను."